బ్రేకు నొక్కితే ఛార్జ్ ఎక్కుతుందా? ఎలక్ట్రిక్ సైకిల్‌కి రీజెన్ పెట్టుకునే పద్ధతి, నెల్లూరు రోడ్ల లెక్కలో

"అన్నా, బ్రేకేస్తే ఛార్జ్ ఎక్కుద్దంట గదా?"

ట్రంకు రోడ్డు మీద సిగ్నల్ పడి ఆగినప్పుడల్లా పక్క బండి మీదున్న ఎవరో ఒకరు నా సైకిల్ వెనక చక్రంలో మోటార్ చూసి ఈ మాట అడుగుతారు. ఎక్కుతుందనే చెబుతాను. ఎంత ఎక్కుతుందో చెప్పేలోపు పచ్చలైటు పడి ఆయన వెళ్లిపోతాడు. ఆ మిగిలిపోయిన సగం జవాబు ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు సైకిల్‌కి రీజెనరేటివ్ బ్రేకింగ్, అంటే షాపుల్లో అందరూ 'రీజెన్' అనేదాన్ని, చేతులు కాల్చుకోకుండా ఎలా పెట్టుకోవాలో కూడా. నేను కొంచెం కాల్చుకున్నాను కాబట్టి ఆ ముచ్చట కూడా వస్తుంది.

ముందు లెక్క

మోటార్, జనరేటర్ వేర్వేరు యంత్రాలు కావు. కరెంటు ఇస్తే తిరిగేది మోటార్. అదే చక్రాన్ని బయటి నుంచి ఎవరైనా తిప్పితే కరెంటు పుట్టించేది జనరేటర్. వేగంగా పోతున్న సైకిల్‌లో ఉన్న శక్తిని మామూలు బ్రేకు రబ్బర్లు వేడి చేసి గాల్లోకి వదిలేస్తాయి. రీజెన్ దాన్లో కొంత పట్టి బ్యాటరీలోకి పంపుతుంది.

ఆ 'కొంత' ఎంతో చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిలూ మోటారూ బ్యాటరీ కలిపి 30 కిలోలు, మొత్తం 100 కిలోలు అనుకోండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో దీనిలో ఉండే చలనశక్తి సుమారు 1,540 జౌళ్లు. వాట్-అవర్లలో చెబితే 0.43. ఆగేలోపు గాలి, టైర్లు కొంత తినేస్తాయి. మోటార్ చుట్టల్లో కొంత, మోటార్‌కి కరెంటు పంచే డబ్బా అయిన కంట్రోలర్‌లో కొంత, బ్యాటరీలో కొంత వేడైపోతుంది. చివరికి సగం చేతికొస్తే గొప్ప. ఒక్కసారి ఆగితే 0.2 వాట్-అవర్ అనుకుందాం.

నేను వేదాయపాళెం నుంచి స్టోన్‌హౌస్‌పేటకి సందులు తిరిగి పోతాను. పోను 7 కిలోమీటర్లు, రాను 7. ఒక్కో వైపు ఇరవైసార్లు ఆగుతామనుకుంటే, మన ఆటోల సంగతి తెలిసినవాళ్లు ఇది తక్కువే అంటారు, రోజుకు 40 సార్లు. అంటే 8 వాట్-అవర్లు. థ్రాటిల్ మీద పోతే కిలోమీటర్‌కి 12 వాట్-అవర్ల దాకా ఖర్చవుతుంది కాబట్టి రోజంతా బ్రేకులేసి సంపాదించింది 700 మీటర్లకు కూడా చాలదు. వాడిన 168లో 8, అంటే 5 శాతం లోపు. ఏడాదిలో 300 రోజులు తొక్కితే దాదాపు రెండున్నర యూనిట్ల కరెంటు. ఇంట్లో మామూలు ఫ్యాన్ రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు రోజులు తిరిగితే అయిపోయే కరెంటు ఇది.

ఇదే పని రైలింజన్ చేస్తే కథ వేరు. నెల్లూరు స్టేషన్ మీదుగా పోయే డబ్ల్యూఏపీ-7 ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు కరెంటుని పైన తీగలోకి తిరిగి పంపుతాయి. 1,200 టన్నుల రైలు 110 కిలోమీటర్ల వేగంలో ఉంటే దానిలో ఉన్న శక్తి 150 యూనిట్లకు పైనే. బరువు ఎక్కువ, వేగం ఎక్కువ, పైగా వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే రైలుకి, కారుకి గిట్టుబాటయ్యేది సైకిల్‌కి కాదు.

మరి ఎందుకు పెట్టుకోవడం? నా కారణాలు వేరు. కార్తీకమాసం వానల్లో రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకులు జారతాయి, రీజెన్‌కి తడితో పని లేదు. బ్రేకు రబ్బర్లు చాలాకాలం వస్తాయి, రిమ్ము అరగదు. ట్రాఫిక్‌లో వేగం తగ్గించడం మెత్తగా ఉంటుంది. వీటికోసం అయితే పెట్టుకోండి. మైలేజీ కోసం అయితే ఆ డబ్బుతో మంచి టైర్లు కొని, వారానికోసారి గాలి కొట్టించుకోండి. ఎక్కువ లాభం.

మెట్టు 1: మీ మోటార్‌కి అసలు రీజెన్ వస్తుందా?

ఇక్కడే సగం మంది ఆగిపోతారు. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటార్లు రెండు రకాలు. గేరు మోటార్ చిన్నది, రెండు మూడు కిలోలు ఉంటుంది. లోపల చిన్న పళ్లచక్రాలు, వాటితోపాటు ఫ్రీవీల్ లాంటి క్లచ్ ఉంటాయి. మీరు థ్రాటిల్ వదిలేస్తే చక్రం తిరుగుతుంది కానీ మోటార్ ఆగిపోతుంది. ఆగిన మోటార్ కరెంటు పుట్టించదు. కాబట్టి దీనికి రీజెన్ రాదు, ఏ కంట్రోలర్ తగిలించినా రాదు. పెడల్స్ దగ్గర ఉండే మిడ్-డ్రైవ్ మోటార్లకి కూడా మామూలుగా రాదు, ఎందుకంటే వెనక చక్రం నుంచి చైన్ ద్వారా ముందుకి బలం వెళ్లకుండా ఫ్రీవీల్ అడ్డుపడుతుంది.

గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ మోటార్‌కి మాత్రమే వస్తుంది. ఇది పళ్లెంలా వెడల్పుగా, బరువుగా, నాలుగు కిలోలకు పైన ఉంటుంది. నడిచేటప్పుడు దాదాపు శబ్దం రాదు. మార్కెట్లో తయారుగా దొరికే 250 వాట్ల సైకిళ్లలో చాలావాటికి గేరు మోటారే ఉంటుంది. 'రీజెన్ ఉంది సార్' అని షాపులో చెప్పినా ఈ పరీక్ష చేసుకోండి.

బ్యాటరీ ఊడదీయండి. మోటార్ నుంచి కంట్రోలర్‌కి వచ్చే మూడు లావు వైర్లు, ఎక్కువగా పసుపు, పచ్చ, నీలం, కంట్రోలర్ నుంచి విప్పండి. చక్రం పైకెత్తి ముందుకి తిప్పి చూడండి. తర్వాత ఆ మూడు వైర్ల కొనలూ ఒకదానికొకటి తగిలేలా కలిపి మళ్లీ ముందుకి తిప్పండి. చక్రం బరువెక్కి, బురదలో తిరుగుతున్నట్టు మొరాయిస్తే అది డైరెక్ట్ డ్రైవ్. ఏ మార్పూ లేకుండా హాయిగా తిరిగితే గేరు మోటార్. వెనక్కి తిప్పితే ఆ గేరు మోటార్ కూడా మొరాయిస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. పరీక్ష అయ్యాక వైర్లు ఏ రంగు ఏ రంగుకి ఉందో అలాగే బిగించండి. విప్పే ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవడం మేలు.

గేరు మోటార్ అని తేలిందా? బాధపడకండి. డైరెక్ట్ డ్రైవ్ మోటార్‌లో అయస్కాంతాల లాగుడు ఎప్పుడూ ఉంటుంది. థ్రాటిల్ లేకుండా తొక్కేటప్పుడు 20 కిలోమీటర్ల వేగంలో మోటార్‌ని బట్టి 10, 20 వాట్లు ఊరికే తినేస్తుంది. బాగా తొక్కే అలవాటున్న మనిషికి రీజెన్ ఇచ్చే ఆ 5 శాతం ఇక్కడే పోతుంది. నెల్లూరు లాంటి చదును నేలలో తొక్కుడు మనిషికి గేరు మోటారే సరిపోతుందని నా అభిప్రాయం. థ్రాటిల్ మనిషికి, బరువులు మోసేవాళ్లకి డైరెక్ట్ డ్రైవ్.

ఇంకో మాట. కొత్తగా మోటార్ కొనేవాళ్లు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు అనే హద్దు దాటకండి. ఆ లోపున్న సైకిల్‌ని మన మోటారు వాహనాల నియమాలు మోటారు వాహనంగా లెక్కించవు, లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటితే అన్నీ కావాలి.

మెట్టు 2: బ్యాటరీ ఎంత మింగగలదు?

రీజెన్ అంటే నడుస్తూ ఛార్జ్ పెట్టడమే. ఇంట్లో ఛార్జర్ 2 ఆంపియర్లో 3 ఆంపియర్లో నెమ్మదిగా పంపుతుంది. రీజెన్ ఒక్కసారిగా 10, 15 ఆంపియర్లు నెట్టగలదు. లిథియం బ్యాటరీకి అది నచ్చదు. నా పద్ధతి ఏమిటంటే బ్యాటరీ ఆంపియర్-అవర్లలో సగానికి మించి రీజెన్ కరెంటు పెట్టను. 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయితే 5 ఆంపియర్లు. మొదట్లో 2, 3తో మొదలుపెట్టండి.

రెండో హద్దు వోల్టేజీ. మామూలు లిథియం అయాన్ 36 వోల్టుల బ్యాటరీలో పది సెల్స్ వరస ఉంటుంది, నిండితే 42 వోల్టులు. 48 వోల్టుల దాన్లో పదమూడు, నిండితే 54.6. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అయితే పదహారు సెల్స్‌కి 58.4. నిండిన కుండలో ఇంకా పోస్తే ఏమవుతుందో బ్యాటరీ లోపల కాపలా కాసే బీఎంఎస్ బోర్డుని బట్టి ఉంటుంది. ఇదే ఎవరూ చెప్పని సంగతి.

ఛార్జింగ్‌కి, వాడకానికి ఒకే దారి ఉన్న బీఎంఎస్ అయితే, నిండిపోగానే లోపలికి వచ్చే దారి మూసేస్తుంది. అప్పుడు మోటార్ పుట్టించే కరెంటుకి పోయే దారి లేదు. వోల్టేజీ ఒక్క క్షణంలో ఎగబాకి కంట్రోలర్‌లో కెపాసిటర్లు, కరెంటుని వదిలి ఆపే మాస్‌ఫెట్ స్విచ్‌లు పోతాయి. 48 వోల్టుల చాలా కంట్రోలర్లలో ఉండే కెపాసిటర్ల హద్దు 63 వోల్టులే. అక్కడ పెద్ద వెసులుబాటు లేదు. బ్రేకు నొక్కి ఉండగా హఠాత్తుగా బ్రేకు వదిలేసినట్టయిందంటే అర్థం ఇదే. చేతి బ్రేకు ఎప్పుడూ మంచి కండిషన్‌లో ఎందుకు ఉండాలో ఇక్కడే తెలుస్తుంది.

ఛార్జింగ్‌కి వేరే దారి, వాడకానికి వేరే దారి ఉన్న బీఎంఎస్ అయితే ఇంకా చిక్కు. రీజెన్ కరెంటు వాడకం దారిలో వెనక్కి నడిచి వస్తుంది. ఆ దారిలో ఛార్జింగ్‌ని ఆపే తలుపే ఉండదు. బీఎంఎస్ చూస్తూ ఊరుకుంటుంది, సెల్స్ హద్దు దాటతాయి. బ్యాటరీ నుంచి రెండు వైర్లే బయటికొచ్చి ఛార్జర్ కూడా వాటికే తగిలిస్తే మొదటి రకం. ఛార్జింగ్ సాకెట్‌కి లోపల వేరే మైనస్ వైరు ఉంటే రెండోది. బ్యాటరీ కట్టినవాళ్లని అడగండి, నీళ్లు నమిలితే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

రెండింటికీ మందు ఒకటే. కంట్రోలర్‌లో రీజెన్ ఆగే వోల్టేజీ సెట్టింగ్ ఉంటే 36 వోల్టుల బ్యాటరీకి 41.5 దగ్గర పెట్టండి. ఆ సెట్టింగ్ లేకపోతే ఇంట్లో నిండా ఛార్జ్ చేయడం మానేసి 41 దగ్గర ఛార్జర్ తీసేయండి. అలా చేస్తే సెల్స్ ఆయుష్షు కూడా పెరుగుతుంది. అదీ కుదరకపోతే నిండు ఛార్జ్‌తో బయల్దేరిన రోజు మొదటి రెండు కిలోమీటర్లు రీజెన్ ఆపేసి చేతి బ్రేకులతోనే నడపండి. ఆ రెండు కిలోమీటర్లకి బ్యాటరీలో రీజెన్‌కి సరిపడా చోటు ఖాళీ అవుతుంది.

ఇక మన ఎండ. లిథియం సెల్స్‌కి ఛార్జింగ్ హద్దు మామూలుగా 0 నుంచి 45 డిగ్రీలు. వాడకానికి అయితే 60 దాకా ఇస్తారు. అంటే మే నెలలో మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టిన సైకిల్‌ని తీసుకుని బయల్దేరితే బ్యాటరీ మిమ్మల్ని మోయగలదు కానీ ఛార్జ్ మింగకూడదు. రోహిణి కార్తెలో నల్లటి బ్యాటరీ డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే రీజెన్ స్విచ్ ఆపేయండి. నీడలో పెట్టుకుంటే ఈ గొడవే లేదు. చింతచెట్టు దొరికితే అదృష్టం.

లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉన్నవాళ్లకి ఒక్క ముక్క: అది ఇంత తక్కువ సమయంలో ఛార్జ్‌ని సరిగా తీసుకోదు. వదిలేయండి.

మెట్టు 3: ఇరుసు తిరక్కుండా కట్టడం

ఇది చదవకుండా దాటేసి వెళ్లేవాళ్లుంటారు. నేనూ అలాంటివాణ్నే.

హబ్ మోటార్‌లో చక్రం తిరుగుతుంది, ఇరుసు కదలకుండా ఉండాలి. చక్రాన్ని ముందుకి నెట్టడానికి మోటార్ ఎంత బలం పెడుతుందో అంతే బలం ఇరుసుని వెనక్కి తిప్పాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఇరుసుకి రెండు పక్కలా చెక్కిన చదునులు, అవి కూర్చునే ఫోర్క్ గాడి. రీజెన్ లేని సైకిల్‌లో బలం ఎప్పుడూ ఒకే వైపు. నట్టు కొంచెం వదులైనా ఇరుసు ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. రీజెన్ పెట్టగానే బలం దిశ మారుతుంది. థ్రాటిల్ ఇస్తే ఒక వైపు, బ్రేకు వేస్తే రెండో వైపు. రోజుకి నలభైసార్లు అటూ ఇటూ కుదిపితే గోడలో మేకు కూడా ఊడివస్తుంది. ఇరుసు ఎంత?

నా మొదటి కిట్ ఒక షాపులో బిగించారు. రీజెన్ వైరు కలిపి ఇచ్చారు కానీ ఇరుసు తిరక్కుండా పట్టే టార్క్ ఆర్మ్ పెట్టలేదు, నేనూ అడగలేదు. పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. పదకొండో రోజు గాంధీబొమ్మ సెంటర్‌లో థ్రాటిల్ ఇవ్వగానే వెనక 'టక్' మంది. ఇరుసు గాడిలో గిర్రున తిరిగి, ఇరుసులోంచి వచ్చే మోటార్ కేబుల్ తాడులా మెలికపడి తెగింది. వైర్లు ఒకదానికొకటి తగిలాయి, కంట్రోలర్ కూడా పోయింది. ఆ ఎండలో ఇంటిదాకా తోసుకుంటూ పోయాను. దారిలో ముగ్గురు అడిగారు ఛార్జ్ అయిపోయిందా అని.

టార్క్ ఆర్మ్ అంటే ఇరుసు చదునుల మీద బిగుతుగా కూర్చునే ఒక ఇనుప పట్టీ. రెండో కొన ఫ్రేమ్ గొట్టానికి క్లాంపుతో బిగుస్తుంది. రీజెన్ ఉంటే రెండు పక్కలా రెండు కావాలి. కిట్‌తో వచ్చే పల్చటి రేకు ముక్కలు చాలవు. నేను చివరికి ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో చేయించుకున్నాను. ఇరుసుని ఊడదీసి చేతికిచ్చి, చదునుల మధ్య వెడల్పు వెర్నియర్‌తో కొలిపించండి. చాలావాటికి 10 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ నోటిమాట మీద చేయించొద్దు. రంధ్రం సుత్తితో నెమ్మదిగా తడితే ఎక్కేంత బిగుతుగా ఉండాలి. చేత్తో వేసినప్పుడు అటూ ఇటూ కదిలితే ఉన్నా లేనట్టే.

మన పాత రకం సైకిళ్ల ఇనుప ఫ్రేమ్ ఈ పనికి మంచిది. అల్యూమినియం ఫ్రేమ్ అయితే టార్క్ ఆర్మ్ ఇంకా తప్పనిసరి, ఎందుకంటే అల్యూమినియం గాడి సాగదు, విరుగుతుంది. ముందు ఫోర్క్ అల్యూమినియంది అయితే ముందు చక్రంలో మోటార్ పెట్టే ఆలోచనే వద్దు. వెనక గాడి విరిగితే సైకిల్ ఆగుతుంది, ముందు గాడి విరిగితే మనిషి పడతాడు.

నట్లు బిగించాక ఇరుసు మీద, ఫ్రేమ్ మీద కలిపి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. రోజూ పొద్దున బయల్దేరే ముందు ఆ గీత కలిసే ఉందా అని ఒక చూపు చూస్తే చాలు. కేబుల్ ఇరుసులోంచి బయటికొచ్చాక కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా కట్టండి. వాననీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, మోటార్‌లోకి పోవు.

మెట్టు 4: కంట్రోలర్, వైరు, లివర్

కంట్రోలర్ అట్టపెట్టె మీదో వైర్ల మీదో 'ఇ-ఏబీఎస్' అని రాసి ఉంటే అది రీజెన్ వైరు. కారులో ఉండే ఏబీఎస్‌కీ దీనికీ ఏ సంబంధం లేదు, ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ వింతే. చాలా కంట్రోలర్లలో ఆ రెండు వైర్లనీ కలిపితే రీజెన్ పనిచేయడం మొదలుపెడుతుంది. నేరుగా కలపకుండా మధ్యలో ఒక చిన్న స్విచ్ పెట్టి హ్యాండిల్ మీద బిగించుకోండి. పైన చెప్పిన ఎండ రోజులకీ, నిండు ఛార్జ్ రోజులకీ అదే గతి.

చౌక కంట్రోలర్లలో రీజెన్ బలం తగ్గించే వీలుండదు, ఒకటే దెబ్బ. కొనేటప్పుడే రీజెన్ కరెంటు, ఆగే వోల్టేజీ మార్చుకునే వీలున్నది చూసుకోండి. వీఈఎస్‌సీ లాంటి, అందరికీ తెరిచి ఉంచిన డిజైన్‌లో ఈ రెండూ లాప్‌టాప్ నుంచి అంకెలుగా పెట్టుకోవచ్చు. కొంచెం తల బద్దలు కొట్టుకోవాలి, అంతే.

రీజెన్‌ని లేపేది బ్రేకు లివర్‌లో ఉండే కట్-ఆఫ్ స్విచ్, అంటే లివర్ లాగగానే మోటార్‌కి కరెంటు ఆపేది. మోటార్ ఏ చక్రానికి ఉందో ఆ చక్రం బ్రేకు లివర్‌కే తగిలించండి. మన సైకిళ్లలో ఎక్కువగా ఎడమ లివర్ వెనక బ్రేకుది, అయినా నొక్కి చూసుకోండి. ఇప్పుడు అసలైన చిట్కా: బ్రేకు కేబుల్‌ని కొంచెం వదులు చేయండి. లివర్‌ని ఒక వేలితో తేలిగ్గా లాగితే స్విచ్ పడాలి, రబ్బర్లు రిమ్ముకి ఇంకా తగలకూడదు. ఇంకా లాగితే రబ్బర్లు పట్టాలి. ఇలా ఒకే లివర్‌లో రెండు అంచెల బ్రేకు వస్తుంది. కేబుల్ మరీ వదులైతే లివర్ హ్యాండిల్‌కి తగిలినా బ్రేకు పూర్తిగా పట్టదు, అది మాత్రం చూసుకోండి.

కొందరు థ్రాటిల్ వదలగానే దానంతటదే రీజెన్ పట్టేలా పెట్టుకుంటారు. నాకు నచ్చదు. ట్రాఫిక్‌లో థ్రాటిల్ వదిలి ఊరికే దొర్లించడంలో ఉన్న పొదుపు దానివల్ల పోతుంది.

మెట్టు 5: రోడ్డెక్కే ముందు

సైకిల్‌ని స్టాండ్ వేసి, మోటార్ చక్రం గాల్లో ఉండగా థ్రాటిల్ ఇచ్చి, లివర్ తేలిగ్గా లాగండి. చక్రం చప్పున ఆగాలి. మల్టీమీటర్ బ్యాటరీ కొనలకి పెట్టి చూస్తే ఆ క్షణంలో వోల్టేజీ కొంచెం పైకి కదలడం కనిపిస్తుంది. 36 వోల్టుల బ్యాటరీలో అది 42 దాటిపోతే వెంటనే ఆపి కరెంటు సెట్టింగ్ తగ్గించండి.

తర్వాత తెల్లవారుజామున ఏదైనా ఖాళీ గ్రౌండ్. వీఆర్‌సీ గ్రౌండ్ అయితే వాకింగ్ వాళ్లు రాకముందే వెళ్లండి. 10 కిలోమీటర్ల వేగంలో ఒకసారి, 15లో ఒకసారి, 20లో ఒకసారి రీజెన్ మాత్రమే వాడి ఎంత దూరంలో నెమ్మదిస్తుందో అడుగులు కొలవండి. 5 ఆంపియర్ల సెట్టింగ్‌లో 20 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదించడానికి దాదాపు 30 మీటర్లు పడుతుంది. చేతి బ్రేకులు బాగుంటే అదే వేగం నుంచి నాలుగైదు మీటర్లలో ఆగొచ్చు. ఆవు అడ్డొచ్చినప్పుడు రీజెన్‌ని నమ్ముకోకూడదని తెలియడానికి ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

వేగం 8, 10 కిలోమీటర్లకి దిగాక రీజెన్ పట్టు జారిపోతుంది. చక్రం నెమ్మదిస్తే పుట్టే వోల్టేజీ తగ్గుతుంది, ఆ కొంచెమూ చుట్టల్లోనే వేడైపోతుంది. పూర్తిగా ఆపేది ఎప్పుడూ రబ్బర్లే. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది: రీజెన్ ఒక్కటే చక్రాన్ని బిగదీసి పూర్తిగా ఆపేయలేదు. అయినా ఇసుక మీద వెనక చక్రం పక్కకి జారగలదు. మైపాడు బీచ్ దారిలో గానీ, ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో గానీ రోడ్డు మీద ఇసుక పరుచుకున్నచోట ముందే నెమ్మదించి, నిటారుగా ఉండగా మాత్రమే బ్రేకు వేయండి.

మెట్టు 6: నడిపే తీరు

మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి తీసుకోండి. దిగేటప్పుడు రీజెన్ వేస్తే కరెంటు వస్తుంది కదా అని చాలామంది బ్రేకు పట్టుకుంటారు. అది నష్టం. దిగుతూ వచ్చిన వేగాన్ని బ్యాటరీలోకి పంపి, మళ్లీ ఎక్కడానికి బయటికి తీస్తే రెండు దారుల్లోనూ తరుగు పోతుంది. దారి ఖాళీగా ఉంటే వదిలేయండి. కిందకి దొర్లిన వేగమే సగం పైకి లాగేస్తుంది, దానికి తరుగు గాలిదే. ఎదురుగా బండ్లు ఆగి ఉంటే మాత్రం రీజెన్. ఎలాగూ పోయే వేగాన్నే పట్టుకోవాలి, ఉండాల్సిన వేగాన్ని కాదు. (వాన పడితే ఆ అండర్‌బ్రిడ్జి, రామలింగాపురంది, రెండూ చెరువులవుతాయి. హబ్ మోటార్ ఇరుసు నీళ్లలో మునిగేంత ఉంటే దిగొద్దు, చుట్టూ తిరిగి వెళ్లండి.)

నిజంగా రీజెన్ పనికొచ్చేది పొడుగాటి దిగుడులో. 100 కిలోలు 10 మీటర్ల ఎత్తు దిగితే 2.7 వాట్-అవర్లు. 100 మీటర్లు దిగితే 27, అందులో సగం దక్కినా కిలోమీటర్ పైన ప్రయాణం. నరసింహకొండకి వెళ్లి దిగేటప్పుడు రీజెన్ వేసుకుని దిగితే బ్రేకు రబ్బర్లు కాలి వాసన రావు, అదే పెద్ద లాభం. ఎక్కేటప్పుడు బ్యాటరీ ఎలాగూ కొంత ఖాళీ అయ్యే ఉంటుంది కాబట్టి నిండు కుండ సమస్య రాదు. మార్కాపురం వైపు వాళ్లు దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో దిగాలనుకుంటే ఒక జాగ్రత్త: మోటార్‌కి గరిష్ఠ వేగం 25, 30 అయితే దిగుడులో 45కి పోనివ్వకండి. మోటార్ తన హద్దు వేగం దాటితే మీరు రీజెన్ స్విచ్ ఆపేసినా సరే, కంట్రోలర్ లోపలి డయోడ్ల గుండా కరెంటు బ్యాటరీలోకి దూసుకొస్తుంది. దాన్ని ఆపే మీట మీ చేతిలో లేదు. దిగుతూ ఉండగా తాళం తిప్పి బ్యాటరీ ఆపేయడం అంతకన్నా పెద్ద తప్పు. కరెంటుకి దారి మూసుకుని కంట్రోలర్ మీద పడుతుంది.

మెట్టు 7: నిజంగా మిగులుతోందా అని కొలవడం

హ్యాండిల్ మీద డిస్‌ప్లేలో బ్యాటరీ గీతలు చూసి చెప్పడం కుదరదు. బ్రేకు వేసినప్పుడు వోల్టేజీ కాసేపు పైకి లేస్తుంది, ఆ గీత ఆనందం అంతే. చౌక వాట్‌మీటర్లు కూడా ఒక దిశలో కరెంటునే లెక్కిస్తాయి. వెనక్కి వచ్చేది చూడాలంటే మైనస్ అంకె చూపించే రకం కావాలి.

దానికన్నా తేలిక పద్ధతి ఇంట్లోనే ఉంది. గోడ సాకెట్‌కి, ఛార్జర్‌కి మధ్య పెట్టే ప్లగ్ మీటర్ ఒకటి తెచ్చుకోండి. ఒక వారం రీజెన్ ఆపేసి, ఒక వారం వేసి, అదే దారిలో అదే సమయానికి పోయి, రాత్రి ఛార్జర్ ఎన్ని వాట్-అవర్లు లాగిందో క్యాలెండర్ మీద రాయండి. రోజూ ఒకే వోల్టేజీ దగ్గర ఛార్జింగ్ ఆపండి. సోమవారం గాలి కొట్టించి రెండో వారం మర్చిపోతే లెక్క చెడుతుంది. ఎదురుగాలి రోజు, వాన రోజు పక్కన గుర్తు పెట్టుకుని లెక్కలోంచి తీసేయండి. రెండు వారాల తేడా 5 శాతం లోపు వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. 20 శాతం వచ్చిందంటే మీరు రీజెన్ వారంలో ఎక్కువ తొక్కారని అర్థం.

కొత్తగా బిగించాక మొదటి 50 కిలోమీటర్లకి ఇరుసు నట్లు మళ్లీ బిగించండి, టార్క్ ఆర్మ్ క్లాంపు కూడా. తర్వాత నెలకోసారి. సముద్రం వైపు తిరిగేవాళ్లు కనెక్టర్లు విప్పి పచ్చటి చిలుము పట్టిందా చూడండి. చిలుము పట్టిన కనెక్టర్ బ్రేకు మధ్యలో వదిలేస్తే బీఎంఎస్ దారి మూసేసినంత పని అవుతుంది. వేసవిలో రీజెన్ ఎక్కువ వాడి బ్రేకు రబ్బర్లని మర్చిపోయినవాళ్లు వానలు మొదలయ్యే ముందు ఒకసారి వాటిని గోటితో నొక్కి చూడండి. వాడకుండా ఎండకి గట్టిపడి రాయిలా అయిపోయి ఉంటాయి. అలా ఉంటే అరగకపోయినా సరే మార్చేయండి.